జాగిలాలు – విధేయతా క్రీడలు

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో కుక్క మొదటిది. ఆవు, మేక, గుర్రం మనిషి ఇంటికి చేరకముందే, వ్యవసాయం ఆరంభం కాకముందే, వేటతో పొట్ట పోసుకొంటున్న కాలంలోనే అది అతని వెంట నడిచింది. మన వాఙ్మయంలోనూ దానికి గౌరవస్థానమే ఉన్నది. మహాభారతం ఆదిపర్వంలో సరమ అనే దేవశుని కథ కనిపిస్తుంది. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి సరమ కుమారుడు సారమేయుడు రాగా, రాజు తమ్ములు వాణ్ణి కొట్టారు. సరమ రాజసన్నిధికి వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. అకారణంగా కీడు చేసినవారికి అనుకోని భయం ఎదురవుతుందని హెచ్చరించి వెళ్లిపోయింది. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. ఆ మహాగ్రంథపు ఆద్యంతాలకు చేరువగా ఉన్న ఈ రెండు కథలూ ఒకే ప్రశ్నను మన ముందుంచుతాయి. తనను నమ్మిన మూగజీవి పట్ల మనిషి ఎలా నడచుకోవాలి?

ఈ ప్రశ్న పురాణకథలకే పరిమితం కాదు. నేడు ప్రపంచంలో అనేక దేశాలలో కుక్కలకు, వాటి యజమానులకు కలిపి నిర్వహించే క్రీడాపోటీలలోనూ ఇదే ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతున్నది. ఆ పోటీలలో 'ర్యాలీ ఒబీడియన్స్' అనే విధేయతా క్రీడ ఒకటి. పెద్ద జాతుల కుక్కలను పెంచేవారికి ఇది మిక్కిలి అనువైన క్రీడగా పేరు పొందింది.

విధేయతా పరీక్షల పుట్టుక

ఈ క్రీడకు తల్లివంటిది విధేయతా పరీక్ష. అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే మహిళ పూడిల్ జాతి కుక్కలను పెంచేది. ఉంగరాల జుట్టుతో, ప్రత్యేకమైన కత్తిరింపుతో కనిపించే ఆ కుక్కలు అలంకారానికే తప్ప దేనికీ పనికిరావని పలువురు పరిహసించేవారు. వాటి తెలివితేటలను నలుగురికీ చూపదలచి ఆమె 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో ఒక పరీక్షను ఏర్పాటు చేసింది. మూడేళ్లకు, 1936లో, అమెరికన్ కెనెల్ క్లబ్ ఈ పరీక్షలకు అధికారికంగా నియమాలను రూపొందించింది. మరుసటి సంవత్సరం ఆమె బ్లాంచ్ సాండర్స్ అనే శిక్షకురాలితో కలిసి, కారు వెనుక ఒక బండిని తగిలించుకొని దేశమంతా తిరుగుతూ కుక్కల విన్యాసాలను ప్రదర్శించింది.

ఈ పరీక్షలో కుక్క యజమాని ఎడమ ప్రక్కన అడుగులో అడుగు వేసి నడవాలి. అపరిచితుడు తాకినా కదలక నిలవాలి. దూరం నుండి పిలిస్తే నేరుగా వచ్చి ఎదుట కూర్చోవాలి. మొత్తం 200 గుణాలకు 170 వస్తేనే ఉత్తీర్ణత. నియమాలు మిక్కిలి కఠినమైనవి. యజమాని ఒక్కసారి మాత్రమే ఆజ్ఞ ఇవ్వాలి. విన్యాసం జరుగుతున్నంతసేపు ప్రోత్సహించే మాట ఒక్కటైనా పలుకరాదు. ఈ నిశ్శబ్దం కొన్ని కుక్కలను కలవరపెడుతుంది. ఇంట్లో ఆప్యాయంగా మాట్లాడే మనిషి పోటీ బరిలో కొయ్యబొమ్మలా బిగుసుకుపోతే, తాను చేసిన తప్పేమిటో తెలియక అవి తడబడతాయి.

ర్యాలీ క్రీడ – నియమాలు

ఈ కాఠిన్యాన్ని సడలించి, యజమాని, కుక్క ఇద్దరూ ఆనందించే క్రీడ ఒకటి ఉండాలని చార్లెస్ 'బడ్' క్రామర్ భావించాడు. మోటారు కార్ల ర్యాలీలో చోదకులు మార్గసూచనలను అనుసరించి ముందుకు సాగుతారు. ఆ పద్ధతినే ఆయన కుక్కల క్రీడకు అన్వయించాడు. దానికి ర్యాలీ అనే పేరు అలా వచ్చింది. అమెరికన్ కెనెల్ క్లబ్ 2005 జనవరి నుండి దీనిని బిరుదులిచ్చే పోటీగా గుర్తించింది. జాతి మిశ్రమమైన కుక్కలకు కూడ 2010 నుండి ప్రవేశం కల్పించింది.

పోటీ జరిగే ఆవరణలో న్యాయనిర్ణేత తాను రచించిన క్రమంలో సూచిక ఫలకాలను నిలుపుతాడు. ప్రారంభ స్థాయిలో వాటి సంఖ్య 10 నుండి 15 వరకు, ఎక్సెలెంట్ స్థాయిలో 15 నుండి 20 వరకు ఉంటుంది. ప్రతి ఫలకం మీద చేయవలసిన విన్యాసం రాసి ఉంటుంది. ఆగి కుక్కను కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం, కుడికి తిరగడం, వెనుదిరగడం, వేగం తగ్గించడం, పెంచడం, వరుసగా నిలిపిన శంకువుల నడుమ పాములా మెలికలు తిరుగుతూ నడవడం వంటివి వాటిలో కొన్ని. పోటీకి ముందు యజమానులు కుక్కలు లేకుండా ఆ మార్గంలో నడిచి చూసుకోవచ్చు. ఆపై న్యాయనిర్ణేత బయలుదేరమన్న తరువాత మధ్యలో మరే ఆదేశమూ ఉండదు. జంట తమకు తాముగా ఫలకాలను చదువుకొంటూ సాగిపోవాలి.

జంట 100 గుణాలతో బయలుదేరుతుంది. పొరపాట్లకు గుణాలు తగ్గుతూ వస్తాయి. పగ్గం బిగిస్తే ఒక గుణం, విన్యాసాన్ని మరల చేస్తే మూడు, తప్పుగా చేసి విడిచిపెడితే పది పోతాయి. 70 మిగిలితే ఉత్తీర్ణులైనట్లే. ఒక స్థాయిలో మూడుసార్లు, కనీసం ఇద్దరు న్యాయనిర్ణేతల ఎదుట ఉత్తీర్ణత సాధించిన కుక్కకు బిరుదు లభిస్తుంది. సమయాన్ని లెక్కించినా, గుణాలు సమానమైనప్పుడే దానిని పరిగణిస్తారు. అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఏమంటే, ఈ క్రీడలో యజమాని తన కుక్కతో మాట్లాడవచ్చు, మెచ్చుకోవచ్చు, తొడ చరచి పిలువవచ్చు. పగ్గం లాగి ఆజ్ఞాపించడం మాత్రం దోషం.

పెద్ద కుక్కలకు ఎందుకు అనువైనది?

గ్రేట్‌డేన్ జాతి మగకుక్క భుజాల వద్ద 30 అంగుళాలకు తక్కువ ఉండదు. న్యూఫౌండ్‌లాండ్ మగకుక్క 60 కిలోలకు పైగా తూగుతుంది. ఇంతటి దేహాన్ని పగ్గంతో లాగి నడిపించడం మనిషి బలానికి మించిన పని. అది తనంతట తాను వెంట నడవాలని కోరుకోవాలి. చిన్న కుక్క మాట వినకపోతే యజమాని ఎత్తుకొని వెళ్లిపోతాడు. పెద్ద కుక్క వీధిలో ఒక పిల్లవాణ్ణి చూసి ఆటకోసమే పైకి దూకినా ఆ పిల్లవాడు నేల కూలుతాడు. నడక నేర్వని పెద్ద కుక్క క్రమంగా బయటకు రావడం మానేస్తుంది. గొలుసు, గేటు, మూల దాని లోకమవుతాయి. అందువల్ల పెద్ద కుక్కకు శిక్షణ విలాసం కాదు. దాని స్వేచ్ఛకు అదే ఆధారం.

ర్యాలీలో వేగానికి ప్రాధాన్యం లేకపోవడం పెద్ద కుక్కలకు కలిసివచ్చే అంశం. పొడవైన కాళ్లను మడిచి కూర్చోవడానికి వాటికి కొంత సమయం పడుతుంది. అనుభవం గల యజమాని ఆ ఆలస్యాన్ని గ్రహించి, ఫలకాన్ని చేరడానికి రెండడుగుల ముందే తన నడకను నెమ్మది చేసి సంకేతమిస్తాడు. శంకువుల నడుమ తిరిగేటప్పుడు మరొక చిక్కు ఉన్నది. మలుపుకు లోపలి వైపున్న పెద్ద కుక్క తన అడుగులను కుదించుకోవాలి. వెలుపలి వైపున్నప్పుడు వేగం పెంచాలి. తన వెనుక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో పెద్ద కుక్కలకు తరచు తెలియదు. అందుచేత నేల మీద పరచిన కర్రల మధ్య నెమ్మదిగా నడిపించి, వెనుకకు అడుగులు వేయించి, ఆ స్పృహను ముందుగా అలవరచాలి. మరోవైపు, దాని తల యజమాని చేతికి అందే ఎత్తులో ఉండడం గొప్ప సౌలభ్యం. వంగకుండానే మెచ్చుకోవచ్చు, తినుబండారం అందించవచ్చు.

శిక్ష – శిక్షణ

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పు, విద్యాభ్యాసం అని అర్థం. వేదాంగాలలో మొదటిదానికి శిక్ష అనే పేరు. తెలుగు వాడుకలో ఆ పదం దండనకు పర్యాయంగా మారింది. కుక్కల శిక్షణ చరిత్రలోనూ ఇటువంటి అర్థవిపర్యాసమే చాలకాలం కొనసాగింది. గత శతాబ్దంలో పలువురు శిక్షకులు మెడగొలుసును గుంజి, నొప్పి కలిగించి ఆజ్ఞలను నేర్పేవారు. కుక్క మాట వినేది. అయితే అది విన్నది మాటను కాదు, రాబోయే నొప్పిని.

కాలక్రమంలో బహుమాన పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. కోరిన పని చేసిన మరుక్షణమే కుక్కకు ఆహారమో, ఆటవస్తువో, మెచ్చుకోలో లభిస్తే, అది ఆ పనిని తిరిగి చేయడానికి ఉత్సహిస్తుంది. ఇక్కడ క్షణం ముఖ్యమైనది. కూర్చొన్న కుక్క లేచిన తరువాత బహుమానమిస్తే అది లేవడాన్నే నేర్చుకొంటుంది. పాఠం రెండు మూడు నిమిషాలకు మించరాదు. కుక్క ఇంకా చేయాలనుకొంటున్నప్పుడే ఆపాలి.

కుక్క కష్టాన్ని మాటలతో చెప్పలేదు. అలసట లేకుండానే ఆవులించడం, ముక్కును పదేపదే నాకడం, ముఖం ప్రక్కకు తిప్పుకోవడం దాని కలవరానికి చిహ్నాలు. ఇన్నాళ్లూ చురుకుగా కూర్చొన్న కుక్క హఠాత్తుగా కూర్చోవడానికి వెనుకాడితే, దానిని మొండితనంగా భావించి గద్దించేవారున్నారు. పెద్ద జాతులలో తుంటి కీలు సరిగా అమరకపోవడం తరచు కనిపించే లోపం. కూర్చోనన్నది నొప్పి వల్ల కావచ్చు. ముందు పశువైద్యునికి చూపించి, ఆ తరువాతనే పాఠం గురించి ఆలోచించాలి. సరమ అడిగిన ప్రశ్న ఇక్కడ మరల వినిపిస్తుంది.

ఆరోగ్య జాగ్రత్తలు

పెద్ద కుక్కల ఎముకలు ఆలస్యంగా గట్టిపడతాయి. ఎముకల చివరనుండే మృదులాస్థి పలకలు మూసుకోవడానికి వాటికి సంవత్సరం నుండి ఒకటిన్నర సంవత్సరం, అతిపెద్ద జాతులకు అంతకు మించి పడుతుంది. అంతవరకు ఎత్తులు దూకించడం, మెట్ల మీద పరుగెత్తించడం హానికరం. నునుపైన గచ్చు మీద అభ్యాసం చేయించరాదు. అధిక బరువు కీళ్లకు శత్రువు. కుక్కలు ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వెలువరిస్తాయి. కావున ఎండలో సాధన ప్రమాదకరం. లోతైన ఛాతీ గల జాతులలో కడుపు ఉబ్బి మెలితిరిగే అత్యవసర వ్యాధి ఉన్నది. గంటల వ్యవధిలోనే ప్రాణం తీయగలదు. అందుచేత భోజనం చేసిన వెంటనే వాటిని పరుగెత్తించరాదని పశువైద్యులు హెచ్చరిస్తారు.

ఇతర క్రీడలు

ఒక క్రీడ కుదరని కుక్కకు మరొకటి కుదరవచ్చు. గుర్రాల దూకుడు పోటీని అనుకరిస్తూ 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో మొదలైన 'అజిలిటీ' అవరోధాల క్రీడ. అడ్డుకర్రలను దూకడం, సొరంగంలో దూరడం, తూగుబల్ల మీద నడవడం అందులోని అంశాలు. సొరంగం వ్యాసం 24 అంగుళాలే కావడంతో గ్రేట్‌డేన్ వంగి దూరాలి. ఇష్టమున్నవారు నాలుగు అంగుళాల తక్కువ ఎత్తు గల విభాగాన్ని ఎంచుకోవచ్చు.

వాసన పట్టే పోటీలో దేహపరిమాణంతో నిమిత్తం లేదు. మొదటి పరీక్షలో అపరిచితుడు నడిచి వెళ్లిన 440 నుండి 500 గజాల బాటను కుక్క ముక్కుతో అనుసరించి, అతడు విడిచిన వస్తువును కనుగొనాలి. అక్కడ దారి తెలిసినది కుక్కకే. యజమాని పగ్గం పట్టుకొని దానిని నమ్మి వెనుక నడవవలసిందే.

జాతి స్వభావాన్ని బట్టి ఏర్పడిన పోటీలూ ఉన్నాయి. స్విట్జర్లాండులో పాలబండ్లను లాగిన బెర్నీస్ పర్వత జాగిలాలకు బండి లాగే పరీక్షలున్నాయి. వ్రేళ్ల నడుమ చర్మం గల న్యూఫౌండ్‌లాండ్ జాగిలాలు నీటిలో ఈది మునిగిపోతున్నట్లు నటించే వ్యక్తికి తాడు అందిస్తాయి, పడవను ఒడ్డుకు లాగుతాయి. ఇటలీలో ఇవి హెలికాప్టరు నుండి నీటిలోకి దూకి ప్రాణరక్షణలో పాల్గొంటున్నాయి. మన దేశంలో గ్వాలియర్ సమీపంలోని టేకన్‌పూర్‌లో, హైదరాబాదు చేరువలోని మొయినాబాద్‌లో రక్షణదళాల జాగిలాలకు శిక్షణ ఇస్తారు. వాటికి నేర్పే మొదటి పాఠం కూడ యజమాని ప్రక్కన నడవడమే.

ముగింపు

పెద్ద కుక్కల ఆయుర్దాయం స్వల్పం. గ్రేట్‌డేన్ సాధారణంగా ఏడు నుండి పది సంవత్సరాలు జీవిస్తుంది. ఎముకలు గట్టిపడేవరకు రెండేళ్లు నిరీక్షించి, కీళ్లు బిగుసుకొనేలోపు క్రీడను విరమించవలసిన యజమానికి మిగిలేది కొద్దికాలమే. ఆ కాలాన్ని గుణాల కోసం, పతకాల కోసం కుక్కను గద్దించడంలో గడపడం అవివేకం. ముసలిదైన కుక్కకు తన బిరుదులు గుర్తుండవు. యజమాని లేచి నిలబడగానే తానూ లేచి, ఎడమ ప్రక్కకు వచ్చి నిలిచే అలవాటు మాత్రం ఉంటుంది. పోటీలో ఓడిన జంటకైనా ఆ అలవాటు దక్కుతుంది. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కను ఏ పగ్గమూ పట్టి ఉంచలేదు.

కఠిన పదాలు – అర్థాలు

దేవశుని = దేవతల ఆడకుక్క
సారమేయం = కుక్క (సరమ సంతతి)
పగ్గం = పట్టి నడిపే తాడు
అర్థవిపర్యాసం = అర్థం తారుమారు కావడం
మృదులాస్థి = మెత్తని ఎముక

ప్రశ్నలు

1. ర్యాలీ క్రీడ నియమాలను వివరించండి.
2. పెద్ద కుక్కలకు శిక్షణ ఎందుకు అవసరమో తెలపండి.
3. శిక్ష, శిక్షణ అనే పదాల ద్వారా రచయిత చెప్పదలచిన భావాన్ని వ్రాయండి.
4. విడదీసి సంధి పేర్కొనండి: ఆద్యంతాలు, విద్యాభ్యాసం, వేదాంగాలు.