బండే ఇల్లు, చలికాలంలో పరాయింటి కాపలా

కెనడాలో కొందరికి బండే ఇల్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. దాన్ని మోటారుహోం అంటారు. చిక్కల్లా చలికాలంలోనే.

విన్నిపెగ్ నగరంలో జనవరి రాత్రులు సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోతాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. దాంతో గొట్టాలు పగులుతాయి. మామూలు డీజిలు చిక్కబడి బండి మొరాయిస్తుంది. చలికి తలుపులు బిగించి పొయ్యి వెలిగించుకుంటే మరో గండం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అదే కాలంలో ఇళ్లున్న వృద్ధులు ఎందరో వెచ్చని ఫ్లోరిడా, అరిజోనాలకు వెళతారు. హీటరు ఆరితే వారి ఇంట్లోనూ గొట్టాలు పగులుతాయి. ఇంటిని తరచు ఎవరూ చూడకపోతే నష్టపరిహారం ఇవ్వబోమని చాలా బీమా పాలసీల్లో షరతు ఉంటుంది. అందుకే కొందరు బండివారిని ఇంట్లో ఉంచి వెళతారు. వీరికి అద్దె లేదు, వారికి జీతం ఖర్చు లేదు. హీటరు చూసుకోవాలి, వాకిట మంచు ఎత్తాలి, కుక్క ఉంటే తిండి పెట్టాలి.

మన పల్లెల్లో ఊరెళ్లేవారు పొరుగింట తాళంచెవి ఇచ్చినట్టే ఇదీ. అయితే ఇంటివారు ముందుగా తిరిగొస్తే నడిచలిలో మళ్లీ బండే గతి. కనుక రాకపోకల తేదీలు ముందే కాగితంపై రాసుకోవడం ఇద్దరికీ క్షేమం.