వార్తల్లో పదం: మూడో పేరా

ఏటా ఆగస్టు 10న కతోలిక బిషప్పుల మండలి పాటించే ‘బ్లాక్ డే’ వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. 1950లో అదే తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు.

ఏలూరు మేత్రాసనం పల్లెల్లో, కొల్లేటి లంకల్లో దీని ప్రభావం కుల ధ్రువీకరణ పత్రం దగ్గర తెలుస్తుంది. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో జ్ఞానస్నానం పొందిన అన్నకు బీసీ-సి కాగితం, తమ్ముడికి ఎస్సీ కాగితం. మొదటిదానికి రాష్ట్రంలో రిజర్వేషన్ 1 శాతం, రెండోదానికి 15. చింతలపూడి ఎస్సీ స్థానంలో తమ్ముడు నామినేషన్ వేయవచ్చు, అన్న వేయలేడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా హోదాతోనే ముడిపడి ఉంది. (కొన్ని ఆర్థిక పథకాలకు మాత్రం 1977 నాటి జీవో 341 వెసులుబాటిచ్చింది.)

మతం మారినా ఊళ్లో వివక్ష మారలేదన్నది చర్చి వాదన. తమలోనూ అది ఉందని 2016 దళిత విధాన పత్రంలో బిషప్పులే ఒప్పుకోవడం గమనించదగ్గది. అంటరానితనం క్రైస్తవంలో లేదు కనుక హోదా కుదరదన్నది కేంద్రం మాట. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో పేరా తొలగించమంది. ఈ అంశాన్ని పరిశీలించేందుకు కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. హోదా ఇవ్వాలంటూ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది కానీ, ఎస్సీ జాబితా మార్చే అధికారం పార్లమెంటుదే.