ఆముదములో వెలిగిన చల్లని కాంతి

విద్యుద్దీపపు బల్బులో టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగి వెలుగునిచ్చును. అందు వ్యయమగు శక్తిలో అధికభాగము వేడిగా పోవును. పదార్థమును కాచకయే, విద్యుత్ క్షేత్రముతోనే వెలుగును రాబట్టవచ్చునా? వచ్చునని 1936లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి డెస్ట్రియో చూపెను.

ఆయన రాగి లేశమాత్రముగ చేరిన జింకు సల్ఫైడు పొడిని ఆముదములో కలిపి, బలమైన ఏకాంతర విద్యుత్ క్షేత్రమున ఉంచెను. పొడి వెలిగెను. ప్రమిదలో వలె ఆముదము ఇచ్చట మండలేదు. రేణువుల చుట్టు విద్యుద్బంధకముగ నిలిచినది, అంతే. ఈ దృగ్విషయమే విద్యుత్ సందీప్తి.

ఇట్లు వెలుగు పదార్థములను ఫాస్ఫరులందురు. పేరును బట్టి వీనిలో భాస్వరము ఉండితీరునని విద్యార్థులు పొరబడరాదు. జింకు సల్ఫైడులో ఉన్నవి యశదము, గంధకము మాత్రమే.

ఈ దీపము నిజమునకు ఒక కండెన్సరు. ఒకవైపు పారదర్శకమైన వాహకపు పొర, మరియొకవైపు లోహపు రేకు, నడుమ బంధకములో ఫాస్ఫరు రేణువులు. నడిమి పొర మందము మిల్లీమీటరులో 20వ వంతై, 100 వోల్టులు ఇచ్చినచో, క్షేత్రబలము మీటరునకు 20 లక్షల వోల్టులగును. అయినను ఇది చాలదు. కొరతను తీర్చునది రాగియే.

రాగిలో కొంత భాగము రేణువులోపల కాపర్ సల్ఫైడు సూదులుగ ఏర్పడును. వాహకపు మొనయొద్ద క్షేత్రము తీవ్రమగునని పిడుగు కడ్డీ పాఠములో చదువుదుము గదా! ఇచ్చటను అంతే. సూది ఒక కొననుండి ఎలక్ట్రానులు, రెండవ కొననుండి ఎలక్ట్రాను లోపించిన ఖాళీలు, అనగా రంధ్రములు, జింకు సల్ఫైడులోనికి నెట్టబడును. రంధ్రములు త్వరలోనే రాగి పరమాణువులయొద్ద చిక్కుకొనును. క్షేత్రము దిశ మారగానే అవతలి కొననుండి వచ్చు ఎలక్ట్రానులు వానిలో పడును. అప్పుడు విడుదలయగు శక్తియే కాంతి.

కనుకనే ఈ దీపమునకు ఏకాంతర విద్యుత్తు కావలెను. ఒక్కొక్క ఆవృత్తిలో దిశ రెండుమారులు మారును గాన, 50 ఆవృత్తుల విద్యుత్తుతో సెకనుకు 100 మెరుపులు పుట్టును. కన్ను వానిని విడదీయలేదు. ఆవృత్తులు పెరిగినకొలది వెలుగును పెరుగును.

1969లో చంద్రునిపై దిగిన అపోలో 11 నౌకలో, కంప్యూటరు అంకెలు ఆకుపచ్చగా వెలిగినది ఈ విధముననే. అయినను ఈ దీపము ఇంటి దీపము కాలేకపోయినది. దీని వెలుగు మందము. వాడినకొలది సూదిమొనలు మొద్దుబారి, ఆ వెలుగును తగ్గును. తేమ తగిలిన ఇంకను త్వరగా చెడును. వెలుగునకు కారణమైన మొనయే దాని ఆయుర్దాయమునకు హద్దు అయినది. నేడు దీని స్థానమును చాలవరకు ఎల్.ఇ.డి.లు ఆక్రమించినవి. వానిలోను వెలుగు పుట్టునది ఎలక్ట్రాను, రంధ్రముల కలయికవలననే.