వైఫై ఏదీ?

పాత ల్యాప్‌టాప్‌లో ఎంతో ముచ్చటపడి లినక్స్ వేశారు. పాటలు వినిపిస్తున్నాయి. వైఫై మాత్రం లేదు! డ్రైవరు దించుకోవాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవరుండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లికాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు... అచ్చం అలాగే.

ఈ విషయంలో లినక్స్‌వాళ్లని బాగా ఏడిపించింది బ్రాడ్‌కామ్ చిప్పులే. వాటి వివరాలను కంపెనీ బయటపెట్టలేదు. దాంతో కొందరు ప్రోగ్రామర్లు ఓ ఉపాయం పన్నారు. ఒక బృందం కంపెనీ డ్రైవరును విప్పిచూసి, అదేం చేస్తోందో రాసిపెట్టింది. మరో బృందం ఆ రాతను మాత్రమే చదివి కొత్త డ్రైవరు రాసింది. కాపీ కొట్టారన్న మాట పడకూడదుగా! 2006లో అది లినక్స్ 2.6.17లో చేరింది. కొత్త రకం చిప్పుల కోసం కంపెనీయే ఓపెన్‌సోర్స్ డ్రైవరు ఇచ్చేసరికి 2010 సెప్టెంబరు వచ్చింది.

పాత చిప్పులతో పేచీ ఇంకా ఉంది. వాటి లోపల నడిచే ఫర్మ్‌వేర్ కంపెనీ సొత్తు, విడిగా దించుకోవాల్సిందే. అందుకు ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే సరి. టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కమాండ్ ఇస్తే చిప్పు పేరు కనిపిస్తుంది. దానికి తగిన ప్యాకేజీ వేసుకోవడమే.

అన్నట్టు, కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు అంచున వైఫై స్విచ్చుంటుంది. ముందు అది చూడండి!