మూడు చక్రముల బండి, సర్వీసింగు బిల్లు

కెనడాలోని క్విబెక్ రాష్ట్రమునకు చెందిన బీఆర్‌పీ సంస్థ 2007లో లోకమునకు చూపిన కాన్-ఆమ్ స్పైడర్, ముందు రెండు, వెనుక ఒకటిగా చక్రములు గలిగి, మోటారు సైకిలువలె హ్యాండిలుబారుతో నడచుచున్నను, సర్వీసింగునకై డీలరు వాకిట నిలిచినపుడు మాత్రము కారును తలపించు బిల్లునే యజమాని చేతిలో పెట్టును. 1330 సీసీ రోటాక్స్ ఇంజను గల రకములకు ఆయిలు మార్పు 15,000 కిలోమీటర్ల కొకమారే గనుక ఆ వ్యయము తరచు రాదు. వచ్చినపుడు ఆయిలు వెలకంటె కూలియే బరువు. ఏలయన, దూరప్రయాణములకై చేసిన పెద్ద బండ్లలో ఇంజనును కప్పియున్న ప్లాస్టిక్ పలకలను ఒక్కొక్క స్క్రూ విప్పి, గుడ్డపై వరుసగా పేర్చి, పని ముగిసిన పిదప అదే క్రమమున మరల బిగింపవలెను (ఒక స్క్రూ మిగిలెనా, మొదటికే వచ్చినట్లు!). గొలుసునకు బదులు బెల్టుండుటచే నూనె పూయు బెడద లేదుగాని, వెనుక చక్రము విప్పిన ప్రతిసారియు దాని బిగువును సరిచూడవలసియే యుండును.