పావుగంటలో ట్యూనా స్లైడర్లు
విశాఖపట్నం: అనుకోకుండా అతిథులు వచ్చినప్పుడు పొయ్యి వెలిగించకుండానే వడ్డించదగిన వంటకం ట్యూనా స్లైడర్లు. అరచేతిలో ఇమిడే చిన్న బన్నుల మధ్య కూరిన తినుబండారాన్ని అమెరికాలో స్లైడర్ అంటారు. విశాఖ తీరంలో సూరగా పిలిచే చేపే ట్యూనా.

తయారీ విధానం: 185 గ్రాముల డబ్బా ట్యూనాలోని నీటిని పూర్తిగా వార్చాలి. లేకుంటే బన్నులు నాని విడిపోతాయి. చేపను చిదిమి, సన్నగా తరిగిన ఉల్లి, కీరా, కొత్తిమీర, నిమ్మరసం, మిరియాల పొడి, మూడు చెంచాల మయోనైజ్ కలపాలి. డబ్బా చేపలో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే వేయాలి. ఆరు బన్నులను అడ్డంగా కోసి, వడ్డించే ముందే మిశ్రమాన్ని కూరాలి.

జాగ్రత్తలు: పచ్చిగుడ్డు మయోనైజ్‌లో సాల్మొనెల్లా క్రిములు ఉండే ప్రమాదముంది. ఈ కారణంగానే 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దానిని ఏడాదిపాటు నిషేధించింది. బదులుగా వడకట్టిన గట్టి పెరుగు వాడవచ్చు. తాజా సూరను ఉడికించి వాడేవారు మంచులో నిల్వ ఉంచిన చేపనే కొనాలి. చల్లదనం లోపిస్తే చేపలో హిస్టమిన్ పేరుకుంటుంది. అది ఉడికించినా నశించదు. తిన్నవారికి దద్దుర్లు, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. కలిపిన సలాడ్‌ను రెండు గంటలకు మించి ఫ్రిజ్ వెలుపల ఉంచరాదు.