మీకు తెలుసా? రాయి కోసం పుట్టిన రైలుమార్గం

అమెరికాలో బోస్టన్‌కు దక్షిణాన ఉన్న క్విన్సీలో పాడుబడిన గ్రానైట్ క్వారీలకు వెళితే, ఆ దేశపు తొలి రైలుమార్గాల్లో ఒకటి ఎందుకు పుట్టిందో కళ్లారా చూడొచ్చు. బంకర్ హిల్ స్మారక స్తంభానికి రాయి చేరవేయడానికి 1826లో గ్రిడ్లీ బ్రయంట్ నిర్మించిన ‘గ్రానైట్ రైల్వే’ అది. క్వారీ నుంచి నెపాన్‌సెట్ నది రేవు దాకా సుమారు మూడు మైళ్లు. ఇంజిన్ లేదు, బండ్లను లాగింది గుర్రాలే! కర్ర పట్టాలపై ఇనుప రేకు బిగించి, కింద స్లీపర్లుగా గ్రానైట్ దిమ్మెలే వేశారు. రేవు నుంచి రాయి పడవల్లో వెళ్లేది. 221 అడుగుల ఆ స్తంభాన్ని 1843లో ఆవిష్కరించారు.

క్వారీ గోడకు దగ్గరగా వెళ్లి చూడండి. నిలువునా చీల్చిన గొట్టంలాంటి గాడులు కనిపిస్తాయి. రాయిని విడదీయడానికి వరసగా తొలిచిన రంధ్రాల్లో సగభాగం అది. మిగతా సగం విడిపోయిన రాతితోపాటే వెళ్లిపోయింది. ఆ శ్రమకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ మ్యూజియంలోనూ దొరకదు.

1963లో తవ్వకం ఆగింది. లోతైన గోతుల్లో నీళ్లు నిండాయి. పైనుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. చివరికి బోస్టన్ ‘బిగ్ డిగ్’ సొరంగ రహదారి కోసం తవ్విన మట్టితో ప్రధాన గోతిని పూడ్చేశారు. ఇప్పుడక్కడ తాళ్ల సాయంతో బండలెక్కే సాహసికులదే సందడి. వెళ్లినవారు, రాళ్లను కొండ మీంచి దించడానికి 1830లో కట్టిన వాలు రైలుమార్గపు ఆనవాళ్లను కూడా తప్పక చూడాలి.